కడిగిన వరస

వెనక తలుపు తీసేసరికి నాయనమ్మ పీట మీద కూర్చుని మొక్కలకు స్నానం చేయిస్తోంది. పక్కన బకెట్లో సబ్బు నురగ, చేతిలో తడిగుడ్డ. ఒక్కో కుండీని కాళ్ల మధ్యకు లాక్కుని, గడ్డి పోచలను గుప్పిట పట్టి, మొదలు నుంచి కొసదాకా గట్టిగా తుడుస్తోంది. గోడవార వరస మొత్తం అయిపోయింది. ముందు వరస ఇంకా ముట్టుకోలేదు.

ముందు వరస నీలంగా ఉంది. కడిగిన వరస దారి పక్కన మొలిచే మామూలు గడ్డిలా పచ్చగా ఉంది.

అమ్మ ఏడాదిగా పెంచుతున్న నీలిగడ్డి అది. ముళ్లపంది పిల్లల్లా గుండ్రంగా, బిరుసుగా ఉంటుంది. ఇసుక, గులకరాళ్లు కలిపిన మట్టిలో, నీళ్లు పెద్దగా అడక్కుండా బతుకుతుంది. ఆకు మీద సన్నటి పొడి ఉంటుంది. నీలం రంగు ఆ పొడిదే. ఎండ నుంచి ఆకును కాపాడేదీ అదే. చెయ్యి తగిలితే రాలిపోతుంది. అందుకే కుండీ అంచు పట్టుకోవాలి గానీ ఆకు ముట్టుకోకూడదని అమ్మ నాకు మొదటి రోజే చెప్పింది. నాయనమ్మకు ఎవరూ చెప్పలేదు. వాళ్లిద్దరి మధ్య దెప్పుళ్లే గానీ ఆపాటి మాటలు లేవు.

ఒక ఆఫీసు ముందు నీటి వసతి లేని ఏటవాలు నేల ఉందట. అక్కడ వెయ్యడానికి, తోటలు వేసే మేడమ్ ఒకావిడ మా గడ్డి మొత్తం కొంటానంది. "ఆ రంగు కోసమే తీసుకుంటున్నా. తేడా ఉంటే నాకొద్దు" అని ముందే చెప్పింది. ఇది అమ్మకు మొదటి బేరం. ఇది తప్పితే పెరడు ఖాళీ చేసి మళ్లీ నూలు మిల్లుకు వెళతానని నాన్నతో అంది. మిల్లులో ఆ దూది ధూళికి అమ్మకు ఊపిరాడేది కాదు. గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది.

మేడమ్ వ్యాను ఇంకాసేపట్లో వచ్చేస్తుంది.

"నాయనమ్మా, ఏం చేస్తున్నావు?"

"మెల్లిగా మాట్లాడవే. మీ అమ్మ వచ్చేలోపు కానిచ్చెయ్యాలి."

నాకు ఎదురు చెప్పడం చేతకాదు. గుడ్డ లాగేసుకున్నాను.

అప్పుడే అమ్మ వచ్చింది. వ్యానులో పరవడానికి తెచ్చిన గోనెసంచులు ఆమె చేతిలోంచి జారిపోయాయి. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఎన్నాళ్ల నుంచి అనుకుంటున్నారు అత్తయ్యా ఈ పని?"

"ఏ పని?"

"గొడ్లు కూడా తినని గడ్డికి కుండీలా అని ఏడాదంతా దెప్పారు. చాల్లేదా? ఇవాళ నోట్లో మట్టి కొట్టాలా?"

నాయనమ్మ మాటకు మాట అప్పజెప్పకుండా ఉండటం నేనెన్నడూ చూడలేదు. ఈసారి బకెట్ పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

అమ్మ నా వైపు తిరిగింది. "పచ్చవి గోడ నీడలోకి జరుపు. నీలంవి ముందు ఎక్కిద్దాం. పచ్చవి వాటి సందుల్లో కలిసిపోతాయి. అడిగితే నీడలో పెరిగాయంటాను. నువ్వు మాత్రం నోరు మెదపకు." మళ్లీ తనే అంది, "నువ్వెటూ మెదపవులే."

జరిపాను.

వ్యాను వచ్చింది. మేడమ్ సన్నగా, ఎండ టోపీ పెట్టుకుని ఉంది. నేనూ అమ్మా ఒక్కో కుండీ అందిస్తుంటే వ్యానులో తనే సర్దుకుంటోంది. ప్రతి గడ్డి కుదురునూ ఒకసారి తిప్పి చూస్తోంది.

"చక్కగా పెంచారండీ," అంది అమ్మతో. "ఇంత బిగుతుగా ఎవరూ పెంచరు. నీళ్లు ఎక్కువ పోసి పాడుచేస్తారు."

ఆ మెప్పుకు అమ్మ నవ్వబోయి నేల చూసింది. ముందు వరస తరిగిపోతోంది. మొదటి పచ్చ కుండీని అమ్మ రెండు నీలంవాటి మధ్యన అందించింది. మేడమ్ చెయ్యి ఆగిపోయింది.

"ఇది వేరే రకం కదూ?"

"లేదండీ. అదే. నీడలో పెరిగింది."

"నీడలో పెరిగితే సాగి వాలిపోవాలి. ఇది బిరుసుగా ఉంది." ఆవిడ ఆ కుండీతోనే వ్యాను దిగి నేరుగా గోడ దగ్గరికి నడిచింది. వరస అంతా చూసింది. "గింజలు చల్లి మొలిపిస్తే ఆ రంగు రాదు. అలాంటివి కలిపారు. ముందు మంచివి, వెనక ఇవి."

"అయ్యో, కలపలేదండీ."

"అబద్ధం చెప్పేవాళ్ల దగ్గర నేను కొననండీ. దింపించుకోండి."

అమ్మ వ్యాను అంచు పట్టుకుని నిలబడిపోయింది. మిల్లులో పని చేసినప్పటిలా ఆమె ఊపిరి పైపైనే ఆడుతోంది.

ఏం చెప్పాలో నాకు తెలుసు. చెప్పడమే తెలీదు. మేడమ్ చేతిలోని పచ్చ కుండీ తీసుకుని, వేళ్లతో కుదురును నడిమికి విడదీసి ఆవిడ ముందు పెట్టాను. లోపల, గుడ్డ అందని చోట, కొత్త ఆకు నీలంగా ఉంది. తర్వాత వ్యానులోని నీలం కుదురులో ఒక పోచను బొటనవేలితో రుద్దాను. అది పచ్చబడింది.

"కడిగారండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

మేడమ్ రెండింటినీ మార్చి మార్చి చూసింది. "కడిగారా? ఎవరు?"

అమ్మ నన్ను చూస్తోంది. లోపలి నుంచి నాయనమ్మ కూడా చూస్తోందని తెలుసు.

"నేను..."

"దాని మొహం," అంది నాయనమ్మ గడప మీది నుంచి. "తాగిన గ్లాసే కడగదు అది. నేనే కడిగానమ్మా."

"ఎందుకండీ?"

"బూడిద తెగులనుకున్నా. మా చేలో పాదులకు అట్లాగే తెల్లగా పట్టేది. ఆకంతా మాడిపోయేది. నువ్వొచ్చి తెగులు చూస్తే తిప్పి పంపేస్తావని..." అమ్మ వైపు చూడకుండా అంది. "ఆ పిల్ల కష్టం పోతుందని."

అమ్మ తల తిప్పి నాయనమ్మను చూసింది.

మేడమ్ టోపీ తీసి నుదురు తుడుచుకుంది. నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు. "కడిగినవి ఇప్పుడు తీసుకోలేను. ఆ ఏటవాలు ఎండకు ఒక్క వారంలో మాడిపోతాయి. నీలంవి తీసుకెళతాను. ఇవి ఇక్కడే కాస్త నీడలో ఉంచండి. కొత్త ఆకు నీలంగా పైకొస్తే మళ్లీ వస్తాను. రాకపోతే లేదు." తలుపు వేస్తూ అమ్మతో అంది, "నాతో నీడ కథ చెప్పకుండా ఉండాల్సింది."

"అవునండీ," అంది అమ్మ.

వ్యాను వెళ్లాక పెరడు సగం బోసిపోయింది. అమ్మ కడిగిన కుండీలను వసారా నీడకు చేరుస్తోంది. నేనూ ఒక కుండీ అందుకున్నాను. కాసేపటికి నాయనమ్మ వచ్చి దూరంగా నిలబడింది.

"నీళ్లు పొయ్యనా?"

"వద్దు అత్తయ్యా. దీనికి దాహం వేసినప్పుడే పొయ్యాలి." అమ్మ ఒక కుండీ ఎత్తి, ఆమెకు కనపడేలా తిప్పింది. "ఇదిగో, అంచు ఇలా పట్టుకోవాలి. ఆకు తగలకూడదు."

నాయనమ్మ దగ్గరికి వచ్చింది. చేతులు చాపి, మళ్లీ వెనక్కి తీసుకుని, ఇంకాస్త కిందుగా చాపింది. నిప్పుల కుంపటి మోస్తున్నట్టు ఒళ్లంతా బిగబట్టి కుండీ మోసుకెళ్లింది.

పొద్దుగూకే వేళకు ఆమె వసారాలో పీట వేసుకుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, వంగి కుదుళ్ల నడిమిలోకి చూస్తోంది.

"ఏమైనా పెరిగిందా?" అన్నాను.

"పొద్దున్నే కదే చంపాను," అంది. "అంత తొందరగా ఎక్కడ లేస్తుంది?"

అయినా కదలలేదు.