ఒంటి ఇటుక గోడ

పులిసిన వాసన.

తడిసిన మైదా వాసన. గాలి ఎటు వీస్తే అటు నడుస్తుంది — వంటింట్లోకి, దిండు గలీబుల్లోకి, మా ఆయన చేతి కట్టులోకి.

వాన వెళ్లిపోయింది. గాలి మాత్రం ఉండిపోయింది, ఇక బయల్దేరమని ఎవరూ చెప్పలేని చుట్టంలా.

ఇంటి ముందు మా బేకరీ ఉండేది. ఇప్పుడు ఇటుకల గుట్ట ఉంది. గుట్ట కింద రొట్టెలు కాల్చే బట్టీ. పక్కనే పిండి బస్తాలు — పగిలి, నాని, పొంగి… గోడ కూలిందని ఈస్టుకి ఎవరూ చెప్పలేదు. దాని పని అది చేసుకుపోతోంది.

ఆ ఇటుకలు మావి కావు.

మా బావగారివి. మా ఆయనకు సొంత అన్న. చర్చి సంఘంలో పెద్ద. కారు కొంటే దేవుడి దీవెన అంటాడు. గోడౌను కడితే దీవెన. పక్కవాడి కొట్టు మూతపడి తన బేరం పెరిగితే అదీ దీవెనే. నా మనసులో ఆయన పేరు దీవెనరావు. పైకి, బావగారూ.

దీవెనరావు గోడౌను మా బేకరీని ఆనుకుని ఉంది. సరుకు పెరిగింది, గోడ ఎత్తు పెరగాలి. పాతది ఒంటి ఇటుక గోడ, ఒక్క ఇటుక మందం. దాని నెత్తినే మరో గోడ లేపించాడు. స్తంభం లేదు. పునాది ముట్టుకోలేదు.

"బావగారూ, బట్టలారేస్తూ చూశాను. గాలికి గోడ ఊగుతోంది."

"గోడ ఊగదమ్మాయ్. నీకే కళ్లు తిరుగుతున్నాయి. వేళకి ఏదన్నా తిను."

గాలి వచ్చింది.

గోడకి కళ్లు తిరిగాయి.

బట్టీ మీద పడింది. పిండి పిసుకుతున్న మా ఆయన కుడిచేతి మీద పడింది. వేళ్లు ఉన్నాయి. ఉన్నాయంతే. పిలిస్తే పలకడం లేదు.

తర్వాత ఓదార్చేవాళ్లు వచ్చారు.

బైబిల్లో, అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న పాతకాలపు నీతిమంతుడి దగ్గరికి కూడా స్నేహితులు వచ్చారట. వాళ్లు నయం, ముందు కొన్నాళ్లు నోరెత్తలేదు. మావాళ్లకి టీ చల్లారేదాకా ఓపిక లేదు.

"ఊరికే రాదు చెల్లీ ఏదీ," అంది దీవెనరావు భార్య, మా గ్లాసు అంచుని తన రుమాలుతో తుడుచుకుంటూ. "మనలో ఏదో ఉంటేనే…"

"మాలో బట్టీ ఒకటి ఉండేది అక్కా. ఇప్పుడు అదీ లేదు."

ఎవరూ నవ్వలేదు.

"ఆదివారం కూడా బట్టీ వెలిగించేవాళ్లు కదా," అన్నాడు దీవెనరావు. మెల్లగా అన్నాడు, ఎక్కడ నొక్కితే అరుస్తామో వెతికే డాక్టరులా. "విశ్రాంతి దినమమ్మాయ్ అది. పైవాడు చూస్తూ ఊరుకుంటాడా?"

నా నోటిదాకా ఒక మాట వచ్చింది. మింగేశాను. చేతికి మందులు దీవెనరావు డబ్బుతోనే వస్తున్నాయి.

గాలి కిటికీ రెక్కని ఈడ్చి కొట్టింది. ఎవరో ఒకరు కొట్టాలి కదా.

అందరూ వెళ్లాక దీవెనరావు ఉండిపోయాడు. జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. పెద్దరోడ్డు మీద గది. లోపల కొత్త బట్టీ, కరెంటుది. పిండి పిసకడానికి మనిషిని కూడా పెడతాడట. అద్దె అడగడట. తమ్ముడు కదా.

"ఈ ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పమ్మాయ్. మా పాపానికి దేవుడు మమ్మల్ని శిక్షించాడు, గోడ రూపంలో వచ్చాడు అని. ఒక్క మాట. ఊళ్లో నోళ్లు మూతపడతాయి."

ఊళ్లో నోళ్లు గోడ మందం గురించి మాట్లాడుకుంటున్నాయి. అదీ సంగతి.

గోడ కట్టింది ఈయన. పడగొట్టింది దేవుడు. తప్పు మాది. ఎంత కుదురుగా పంచాడు! మామగారి ఆస్తి పంచినప్పుడు ఈ కుదురు ఏమైందో.

శోధించేవాడు, ఆశ చూపి పడగొట్టేవాడు, అరణ్యంలో ఎదురవుతాడని విన్నాను. రాళ్లని రొట్టెలు చేసుకోమంటాడని విన్నాను. ఇస్త్రీ చొక్కాతో వచ్చి మా కుర్చీలోనే కూర్చుంటాడని ఎవరూ చెప్పలేదు. ఇటుకలు రొట్టెలవుతాయట. నేను ఒక్క మాట అంటే.

ఆకలి లేకపోతే నవ్వేదాన్ని.

మా ఆయన తాళంచెవినే చూస్తున్నాడు. కుడిచెయ్యి కదలదు. ఎడమచెయ్యి కదిలింది.

"అనేస్తే పోయేదేముంది?" అన్నాడు, అన్న తాళంచెవి మళ్లీ జేబులో వేసుకుని వెళ్లాక.

"మీరే అనొచ్చుగా."

"నాకు నలుగురిలో నోరు రాదు."

"చెయ్యి రాదు, నోరు రాదు. నాకు మాత్రం అన్నీ రావాలి."

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"బట్టీ లేకపోతే నేనెవర్ని?" అన్నాడు.

పైవాడి దగ్గర జవాబు ఉందేమోనని అడిగాను. గాలి వీచింది. అదే జవాబైతే, నాకు అర్థమయ్యే భాషలో లేదు.

ఆదివారం.

ముందు వరసలో దీవెనరావు. తాళంచెవి చొక్కా జేబులో ఉంది. పల్చటి బట్ట, ఆకారం కనిపిస్తోంది. మగవాళ్ల వైపు, చివర్న, మా ఆయన — కట్టు ఒళ్లో పెట్టుకుని, నిద్రపోయిన పసిబిడ్డని పట్టుకున్నట్టు.

"మన సహోదరి సాక్ష్యం చెబుతుంది," అన్నారు పాస్టరుగారు.

లేచాను. అనేద్దామనే లేచాను. మాట నాలుక చివర్నే ఉంది.

బల్ల మీద తెల్లగుడ్డ. గుడ్డ మీద ఆరాధన రొట్టె. ఈసారి కొట్లో కొన్నది — ప్లాస్టిక్ కవరులో, ముక్కలు కోసినది, చల్లనిది.

"మా పాపం ఏమిటంటే…" అన్నాను.

దీవెనరావు కళ్లు మూసుకుని తల ఊపాడు.

"ఆదివారం బట్టీ వెలిగించాం. నిజమే. తెల్లారకముందే. ఈ బల్ల మీదికి వేడి రొట్టె కావాలని బావగారు అడిగేవారు. ప్రభువుకి నిన్నటి రొట్టె పెడతామా అమ్మాయ్ అనేవారు. ఆ రొట్టే మీరందరూ తిన్నారు. అది పాపమైతే, కాల్చింది మేము. నమిలింది మీరు."

వెనక వరసలో ఎవరికో నవ్వొచ్చి దగ్గుగా మారింది.

"గోడ సంగతి వేరు. అది ఒంటి ఇటుక గోడ. దేవుడి చెయ్యి ఎక్కడైనా ఉందేమోనని ఇటుక ఇటుకా తీసి చూశాను. మా ఆయన చెయ్యే దొరికింది."



పాస్టరుగారు అలవాటుగా స్తోత్రం అనబోయి, సగంలో మింగేశారు.

"చెప్పానా, పొగరని," అంది తోడికోడలు, గుసగుసకి ఎక్కువగా.

దీవెనరావు కళ్లు తెరిచాడు. చెయ్యి జేబు మీద వేసుకున్నాడు. గుండె మీద అనుకుని ఉంటారు అందరూ.

పైనుంచి మెరుపేమీ దిగలేదు. ఆయన మీదా దిగలేదు. నా మీదా దిగలేదు. న్యాయం తప్పక వస్తుందంటారు. పెద్దరోడ్డు మీద రద్దీలో చిక్కుకుందేమో.

మా ఆయన తల ఎత్తలేదు.

నేను బయటికి నడిచాను. మెట్లు దిగాను. మందులు ఇక మా డబ్బుతో కొనాలి. ఏ డబ్బుతో… తెలియదు.

బయట అదే గాలి. ఇక్కడిదాకా మోసుకొచ్చింది — ఆ పులుపుని. వీధి మొత్తం పొంగుతున్న పిండిలా ఉంది.

వెనక తలుపు కిర్రుమంది.

గాలి తోసి ఉండొచ్చు. ఆయన ఎడమచెయ్యి తోసి ఉండొచ్చు.

వెనక్కి చూసిన ఆడవాళ్లు ఉప్పుస్తంభాలవుతారని నాకు చిన్నప్పుడే బైబిలు కథ చెప్పి నేర్పారు. దానికి భయపడి కాదు. ఉప్పునైతే రొట్టెలోకైనా పనికొస్తాను.

చూడలేదు, అంతే.

నిలబడ్డాను.

గాలి వీస్తూనే ఉంది… పులుపు వాసనతో, నా ముందు నుంచి, ఆ తలుపు వైపు.