వలెన్సియా క్లబ్బుకు ఐదుగురు

తంగెళ్ళమూడి తివాచీల షెడ్డులో మగ్గాలు మూడు, వాటి మీద బతికే మనుషులు ఐదుగురు. షెడ్డును రొయ్యల మేత గోడౌనుకు ఇచ్చేస్తానని యజమాని చెప్పాక, కమరున్నీసాకు మిగిలిన ఆశ స్పెయిన్‌లో, వలెన్సియాలోని ఒక క్లబ్బు. దాని సభ్యులు చేతినేత తివాచీలే కొంటారు. అదీ నేసేవాళ్ళంతా సమాన భాగస్తులుగా ఉన్న సంఘాల దగ్గరే. ఏడాది పొడుగునా పని ఉన్నట్టు వాళ్ళ కాగితం చూపిస్తే షెడ్డు ఉంచుతానన్నాడు యజమాని.

వీడియో కాల్‌లో సంఘం అధ్యక్షురాలే తన భాగస్తులను స్వయంగా పరిచయం చెయ్యాలని క్లబ్బు తరఫున మార్తా అనే ఆవిడ రాసింది.

షెడ్డులోని ఐదుగురి సంఘానికి అధ్యక్షురాలు కమరున్నీసా. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి. నెల రోజులుగా ఊలు ముడులు వేస్తూనే కూతురు ఇక్రా చెప్పిన మాటలు వల్లె వేస్తోంది. భాగస్తుడు సోసియో. ఆడమనిషైతే సోసియా. క్లబ్బు సభ్యులనీ అలాగే అంటారట.

"సోసియా నరసమ్మ, సోసియో తోమా. ఇంతే అమ్మీ."

"అంత పెద్దావిణ్ణి పట్టుకుని ఉత్త నరసమ్మ అంటానా? నోరెలా వస్తుందే?"

"వాళ్ళ దేశంలో అలాగే అంటారు."

"ఆవిడ కూర్చునేది వాళ్ళ దేశంలో కాదుగా, నా పక్కన!"

మగ్గం వెనకనుంచి వెంకటనరసమ్మ నవ్వింది. "నన్నేమన్నా పర్లేదమ్మా. ఆ దొరసానిగారికి అర్థమైతే చాలు."

కమరున్నీసాకు మాత్రం మనసొప్పలేదు. ఇక్రా కాలేజీకి వెళ్ళిన సమయంలో ఫోనులో వెతికి పిన్నికి, తమ్ముడికి, బిడ్డకి స్పానిష్ మాటలు నేర్చుకుంది. మర్యాదగా ఉంటుందనుకుంది.

వీడియో కాల్ రోజు మార్తా తెర మీద కనబడగానే కమరున్నీసా చెంగు సర్దుకుంది. వెంకటనరసమ్మ భుజం మీద చెయ్యి వేసి "మి తియా" అంది, మా పిన్ని అని. తోమానీ సత్యానందాన్నీ చూపించి ఇద్దరినీ తమ్ముళ్ళంది. పక్కవీధి సబీహాను కూతురంది. చివర్న గుండె మీద చెయ్యి పెట్టుకుని, "యో, సోసియా" అంది, నేను భాగస్తురాలినని.

తోమా చప్పట్లు కొట్టాడు. ఇక్రా ముఖం పాలిపోయింది.

నాలుగు రోజులకు ఉత్తరం వచ్చింది. మీ కుటుంబం ముచ్చటగా ఉంది, కానీ ఒక్క భాగస్తురాలి కింద ఇంటిల్లిపాదీ పనిచేసే చోట మేము కొనం అని. మా ఊళ్ళో వరసలు పెట్టి పిలుచుకుంటామని వివరిస్తూ ఇక్రా తిరిగి రాసింది. ఐదుగురి ఆధార్ కార్డులూ పంపింది. సభ్యులు ఓటు వేసి మరో సంఘాన్ని ఎంచుకున్నారనీ, రెండేళ్ళ తర్వాత మళ్ళీ అడగొచ్చనీ మార్తా జవాబిచ్చింది.

"రెండేళ్ళంటే ఎంతలే అక్కా," అన్నాడు తోమా. అప్పటికే గుండుగొలను దగ్గర చేపల చెరువుకు కాపలా పని మాట్లాడుకున్నాడు.

"నావల్లే పిన్నిగారూ," అంది కమరున్నీసా.

"ఊరుకోమ్మా," అంది వెంకటనరసమ్మ. నీ తప్పేం లేదని మాత్రం అనలేదు.

సోమవారం సగం నేసిన తివాచీని మగ్గం నుంచి కోసి దించారు. అంచు కట్టకపోతే ముడులు జారిపోతాయి. కొనేవాళ్ళు లేకపోయినా ఐదుగురూ నేల మీద కూర్చుని అంచు కట్టడం మొదలుపెట్టారు. గుమ్మంలో మేత బస్తాల లారీ ఆగింది. "కొంచెం జరుగుతారాండీ," అన్నాడు డ్రైవరు. జరిగారు.