పారువేటనాఁటి పరాసు తుపాకి

వర్షములు వెనుదీసిన పిదప మిగిలిన తెల్లని మేఘశకలములు కొండకొమ్ములపై వ్రాలియుండఁగా నిర్మలజలములైన సెలయేళ్లు రెల్లుపూవుల నడుమ వెండిత్రాళ్లవలె మెఱయుచుండఁగా విజయదశమీ ప్రాతఃకాలము సిరిగుమ్మ కోటపై నవతరించెను. అయినను ఆ యేఁడు కోటలో నుత్సవకోలాహలము లేదు. నెలదినములలో మువ్వురు కట్టెలమోపువారిని బొట్టఁబెట్టుకొనిన బెబ్బులి యొకటి కోటవెనుకటి వెదురుపొదలఁ జేరినదని వేగువారు చెప్పియుండిరి. ఏఁటేఁట చెవులపిల్లి నొకదానిని విడిచి వేడుకకై జరపెడు పారువేట యీ మాఱు ప్రాణములతోడి వేట కానుండెను.

పారువేటలో మొదటి వేటు దొరదే. అదియు నేలపై నిలిచి తాత తుపాకితో వేయవలయునని యా వంశపు కట్టడి. జగ్గరాజుదొర పితామహుఁడు యానామునఁ బరాసువర్తకునియొద్దఁ గొనిన చెకుముకి తుపాకి యది. ఎన్నఁడో గతించిన ఐరోపాశిల్పి యొకఁడు దాని యంత్రఫలకముపై నెఱుఁగరాని చెట్ల నడుమఁ బరువిడు దుప్పిని సూదిమొనతోఁ జెక్కియుండెను. చెకుముకిరాతిని బట్టియుండు గుఱ్ఱమను కొక్కెమును మాత్రము మెడ వెనుకకు విఱిచి లంఘింపఁబూనిన వేఁటకుక్కయాకృతిగాఁ దీర్చెను. మీట నొక్కినంతనే యా కుక్క తన నోటి రాతితో నెదుటి యుక్కుపలకపై దుముకును. రాలిన నిప్పుకణములు క్రింది గిన్నెలోని రంజకపుమందును ముట్టింపఁగా గుండు వెలువడును.

దొరభార్య మాణిక్యాంబ ఘోషాలోని యిల్లాలయ్యును వంటగిన్నెయంచున నంటిన మసినైన సహింపనిది. మహానవమికి ముందటి సాయంకాలము పూజామందిరమునఁ బేర్చిన యాయుధముల నడుమ నా దుప్పి యేఁబదేండ్ల మందుపొగచే నల్లఁబడి కొమ్ము లెవ్వియో కాళ్లెవ్వియో తెలియకుండుట చూచి యామె చేతులూరకుండలేదు. ఆయుధములను స్త్రీలు ముట్టరాదని యెఱిఁగియు నెవ్వరును లేని వేళఁ జింతపండుతోను ఇటుకపొడితోను దోమి తడి యార్చి దీపపుసెమ్మెలకుఁ జేయునట్లే యాముదము పట్టించెను. పనిలో లోటుండరాదని యుక్కుపలక ముఖమునకును రాతికిని గూడఁ బట్టించెను. మఱునాఁడు పూజలో దాని మెఱుఁగును గాంచి యాయుధశాలాధికారి మస్తాను సాయిబు శ్రమించెనని దొరయు దేవి కరుణించెనని సాయిబును దలంచిరి. గంధము పెట్టిన యాయుధమును మొదటి వేటు పడువఱకుఁ దుడువరాదు గావున నెవ్వరును దానిని బరీక్షింపరైరి.

దశమినాఁడు దొర స్వహస్తమున మందు గూరి తుపాకి గొని పోయిన కొంతసేపటికి మాణిక్యాంబ వంటయింటి కరిగెను. అచట వంటకత్తె పైడమ్మ క్రొత్తపొయ్యి రగిలించుటకై చెకుముకి నెంత కొట్టినను నిప్పు రాలకుండెను.

"ఎవర్తె ముట్టిందో దీన్ని! ఆముదం సేతుల్తో ఉక్కు ముట్టుకుంతే నిప్పు రాల్తాదేటి? దీనికాడ నిప్పు కోసం సూడ్డం నా మొగుడికాడ మంచిమాట కోసం సూసినట్టుంది!" అని యది విసుగుకొనెను.

మాణిక్యాంబ గోడ నానుకొని నిలువఁబడిపోయెను. దూరమున మృగమును దోలు తప్పెటలు మ్రోఁగుచుండెను.

"పైడీ, జిడ్డు పోవాలంటే ఏం చెయ్యాలే?"

"ఏటుందమ్మా, పొడిబూడిదెట్టి రుద్దితే పీల్సేత్తాది. తడిగుడ్డెట్టినావంతే మాపటిదాకా ఎలగదు."

ఆమె యెండుబూడిద పిడికెఁడు చెఱఁగున ముడివైచుకొని వాకిలి దాఁటెను.

"అమ్మగోరూ! ఘోషా! పల్లకీ పిలిపిత్తానుండండి!"

"బోయీలంతా వేటకే పోయారు. నువ్వు రా!"

సెలయేటి రేవునొద్ద దొర జనులకు ముందు నొంటిగా నిలిచి తుపాకి యెత్తియుండెను. వెదురుపొదల కవ్వలఁ దప్పెటలు దాపగుచుండెను. ఎన్నఁడును సూర్యునికిఁ గనఁబడని యమ్మగారు పైడమ్మ వెంటరా ముండ్లఁ జీలిన చీరతోఁ బరువెత్తి వచ్చుట చూచి యేఁబదిమంది వేఁటకాండ్రు దిగ్గున ముఖములు త్రిప్పుకొనిరి.

"మాణిక్యం! ఇదేం పని? వెనక్కి వెళ్లు!"

"తుపాకీ పేలదండి."

"వేటకాడ అపశకునం పలక్కు!"

"శకునం కాదండి. నేనే తోమేను. ఉక్కుకి ఆముదం రాసేను. నిప్పు రాలదు."

ఆ మాట యెల్లవారికిని వినఁబడెను. దొర ముఖము మొదట నెఱ్ఱవాఱి పిదపఁ బాలిపోయెను. పొదలో నొక వెదురు ఫెళ్లున విఱిగెను.

"దొరా, కదిలిందది," అని మస్తాను సాయిబు గుసగుసలాడెను.

దొర యుక్కుపలకపైని గంధపుబొట్టును జూచుచుండెను. "మొదటి వేటు పడకుండా ఇది చెరిపితే..."

"చెరిపిన పాపం నాది. ముందిలా తెండి!"

దొర తుపాకిని దించెను. సాయిబు నేలచూపు మాని దగ్గఱకు వచ్చి గుఱ్ఱమును బిగఁబట్టి పలక నెత్తి పాతరంజకమును దులిపివైచెను. "సిన్నగా తల్లీ, గిన్నెలో బూడిద పడకూడదు." ఆమె బూడిదతోఁ బలకను రుద్దెను. రాతిని రుద్దెను. మఱల నంచులవెంట వ్రేలు నడిపి జిడ్డు తగులుచున్నదేమో యని చూచెను. గంధముతోఁ గూడ నాముదము వదలెను. సాయిబు క్రొత్తరంజకము పోసి పలకను మూసి తుపాకిని దొర చేతఁ బెట్టునంతలోఁ బొద రెండుగాఁ జీలెను.

బెబ్బులి యేఱు దాఁటి వచ్చుచుండఁగా దొర మీట నొక్కెను. నిప్పు రాలెను. కొండ మాఱుమ్రోఁగెను. పొగ విడిపోవునప్పటికి మృగము పదియడుగుల యెడనే రెల్లులో నొరిగియుండెను.

దొర తుపాకిని దించి భార్యవంకఁ దిరిగెను.

"ఇంకేం తోమేవు?"

"కటారులు కూడానండి."

"వాటికి ఫర్వాలేదులే," అనియె దొర.

పల్లకి తెత్తుమని బోయీలు పరువెత్తఁబోవ నతఁడు వలదని వారించెను. మగఁడును భార్యయు నొక్క త్రోవనే నడచి కోటకుఁ బోవుచుండఁగా నిరుగడల జనులు తలలు వంచి నిలిచిరి. ఆనాఁటి పారువేటలో మొదటి సాహసము తుపాకిది కాదని వారిలో నెఱుంగనివాఁడు లేఁడు. పైకి ననినవాఁడును లేఁడు.