ముందే పెట్టిన టిక్కులు

సీసాలో సముద్రం నీళ్లు పట్టగానే ఒక చుక్క పాదరసం మందు వెయ్యాలి. లేదంటే అందులోని కంటికి కనపడని జీవాలు ఊపిరి పీలుస్తూనే ఉంటాయి, బొగ్గుపులుసు వాయువు పెరిగిపోతుంది, కొలత తప్పుతుంది. హాలిఫాక్స్ నుంచి ఏటా బయల్దేరే ఈ ఓడలో ఇరవై రెండేళ్లుగా నా పని ఇదే. అలాంటిది, నిన్న లాబ్రడార్ సముద్రంలో పట్టిన పన్నెండో సీసా నా బుర్ర తినేసింది.

పొద్దున దాన్ని కొలిచేటప్పుడు, పరిశోధన కోసం ఓడెక్కిన బ్రెన్నా నా పక్కనే కూర్చుంది. మనం వదిలే పొగలోని ఆ వాయువుని సముద్రం అన్నేళ్లూ ఒకేలా మింగదనీ, కొన్నాళ్లు మందగించి ఆనక మళ్లీ పుంజుకుందనీ ఈ పిల్ల వాదన. వచ్చే నెల పరీక్షకుల ముందు నిలబడాలి, పట్టా అంతా దానిమీదే ఉంది. ఈ ఏడాది అంకె ఎక్కువొస్తే గట్టెక్కినట్టే. వచ్చింది. ఎంత ఎక్కువంటే, ఇద్దరం నోరెళ్లబెట్టాం.

"మందు వేశారు కదా, ఓడెట్?" అంది.

సీసాల లెక్క రాసే పుస్తకంలో టిక్కుంది చూడమన్నాను. చూసి, నా బుగ్గ మీద ముద్దెట్టి టీ తేవడానికి పరుగెత్తింది.

ఆ టిక్కు విలువెంతో నాకే తెలుసు. టిక్కులు నేను ముందే పెట్టేస్తాను. తడి గ్లవుజులతో పెన్ను పట్టుకోలేక, నీళ్లు పైకి రాకముందే పేజీ అంతా గీసేసి, తర్వాత మందు వేసుకుంటూ పోతాను. నిన్న పన్నెండో దాని దగ్గర ఓడ ఊగింది, ఇంతలో వంటాయన తిండికి కేకేశాడు. వేశానా? వేసినట్టే ఉంది. కాదు, అది పదకొండో దానికేమో. నా మతి మండా, ఎంత తన్నుకున్నా గుర్తు రాదే.

నోరు మూసుకుంటే పిల్ల గట్టెక్కుతుంది. సముద్రం నిజంగానే అంత మింగిందేమో, ఎవడు చూడొచ్చాడు? ఇలా అటూ ఇటూ కొట్టుకుంటూనే, బ్రెన్నా టీ కప్పులతో రాగానే ఉన్నదంతా కక్కేశాను.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఆ అంకె కొట్టేసి, తెర మీద తన గ్రాఫు తెరిచింది. సముద్రం మందగించిన ఏళ్లూ, పుంజుకున్న ఏళ్లూ, అన్నీ నేను పట్టిన సీసాలే.

"ఇలా ముందే టిక్కు పెట్టడం ఎప్పట్నుంచి?"

చెప్పబోయాను. మొదటేడు పెట్టేదాన్ని కాదు, అది ఖాయం. ఐదో ఏడా, పదో ఏడా?

"మారింది సముద్రమా, మీరా?" అని మెల్లగా అడిగింది.

"తెలీదే తల్లీ," అన్నాను.