తిరగేసి వేసిన సంతకం

అన్యాయం జరిగింది ఎవరికి? నా తోడికోడలికి. చేసినదెవరు? ఆమె గీసిన బొమ్మల మీద తన పేరు వేయించుకున్న మా మామగారు, అందులో తప్పేముందన్న మా వారు, ఆ తప్పును మ్యూజియం గోడకెక్కించిన నేను. ముగ్గురిలో నా వంతే పెద్దదని నా తీర్పు. వారిద్దరూ నోటితో అన్నారు. నేను రాసిపెట్టాను.

ఆమె మా మరిది భార్యగా ఇంటికి వచ్చేనాటికి పందొమ్మిదేళ్ళు. ఎడమచేతి వాటం గనుక మా అత్తగారు పుర్రచెయ్యి అని పిలిచేవారు. నెల తిరిగేసరికి ఇంటిల్లిపాదికీ ఆమె పుర్రచెయ్యే అయింది. మామగారిది అద్దాల మీద బొమ్మలు వేసే వృత్తి. ఆ పనిలో అంతా తలకిందులు. అద్దానికి వెనకవైపు వేసి ముందునుంచి చూడాలి కాబట్టి, కాగితం మీద ఆఖరున దిద్దే కనుపాపలు, రెప్పవెంట్రుకలు ఇక్కడ మొట్టమొదట వేయాలి. వాటి మీద రంగులు, అన్నిటి తర్వాత వెనకనున్న గోడో ఆకాశమో. మొదటి గీత తప్పితే మళ్ళీ దిద్దుకునే వీలు లేదు. మామగారి చెయ్యి వణకడం మొదలయ్యాక ఆ గీతలన్నీ పుర్రచెయ్యి పాలబడ్డాయి. వంట, బట్టలు, అత్తగారి మందులు ముగించుకుని వెనక వసారాలో కూర్చుని, సన్నకుంచెతో మనిషిని నఖశిఖపర్యంతం గీసి లేచేది. మామగారు రంగులు నింపేవారు. సంతకం కూడా మొదటే వేయాలి, అదీ తిరగేసి. ఆయనకు అది చేతనయ్యేది కాదు. "అమ్మాయ్, నా పేరు కూడా వేసేసి వంటింట్లోకి వెళ్ళు" అనేవారు. ఆమె వేసేసి వెళ్ళేది. ఏడేళ్ళు అలా గడిచాయి.

మామగారు పోయిన మరుసటేడు మ్యూజియం వారు ఆ బొమ్మలు పదిహేడు తీసుకున్నారు. నేనక్కడ రిజిస్టర్లు రాసే ఉద్యోగినిని. "మీ ఇంటి సంగతి మీకు తెలిసినంతగా మాకు తెలుసా అమ్మా, బొమ్మల కింద పెట్టే చీటీలు మీరే రాసి తెండి" అన్నారు మా అధికారి. ఆదివారం మధ్యాహ్నం, అందరికీ వడ్డించి, ఎంగిలి గిన్నెలు తీసి, అదే బల్ల తుడుచుకుని కూర్చున్నాను. ఆఫీసు పని ఇంటికి వస్తే జీతం ఉండదు, ఇంటి పనికి ఎప్పుడూ లేదు. ఇద్దరి పేర్లూ పెడదామని మా వారితో అన్నాను. ఆయన పేపరులోంచి తల ఎత్తకుండానే నవ్వారు.

"ఆ పిల్ల పేరా? గిన్నెలు తోమినంత మాత్రాన గిన్నెలు తనవైపోతాయేమిటి?"

"గీతలన్నీ ఆమెవే కదండీ."

"గీయమన్నది నాన్నగారు. పోయిన మనిషిని చేతకానివాణ్ణి చేస్తావా? ఇంటి పరువు చూసుకో."

కాన్వెంటులో సిస్టర్లు నాకు వాక్యం కట్టడం నేర్పారు, నిజం చెప్పడమూ నేర్పారు. ఆ మధ్యాహ్నం మొదటిది ఒక్కటే వాడుకున్నాను. "చిత్రకారుడు స్వహస్తాలతో, వణకని రేఖతో చిత్రించినది" అని రాశాను. మంచి వాక్యం. అందుకే ఎవరూ సందేహించలేదు. దాన్ని పదిహేడుసార్లు రాస్తున్నంతసేపూ పక్కగదిలో పుర్రచెయ్యి ఆరిన బట్టలు మడతపెడుతూనే ఉంది. ఆ తర్వాత ముప్ఫై ఎనిమిదేళ్ళు ఒకే వంటింట్లో తిరిగాం. మరిది పోయాడు, ఆమె వెనకగదిలోకి మారింది. ఆమె మళ్ళీ కుంచె పట్టలేదు. ఎందుకు పట్టలేదని నేను అడగలేదు.

మొన్న శనివారం మ్యూజియంలో ఆ పదిహేడు బొమ్మలతో ప్రత్యేక ప్రదర్శన మొదలైంది. చిత్రకారుడి కొడుకుగా మా వారిని మాట్లాడమని పిలిచారు. పొద్దున్నే ఆయన అద్దం ముందు నిలబడి, "కోటు ఇస్త్రీ అయిందా? పుర్రచెయ్యిని కూడా రమ్మను, నా మందుల సంచీ పట్టుకోవడానికి ఒక మనిషి ఉంటుంది" అన్నారు. ఇస్త్రీ పెట్టె చేతిలో ఉండగానే నేను నిర్ణయించుకున్నాను.

ప్రదర్శన చూసుకునే క్యూరేటర్ ముప్ఫై దాటని అమ్మాయి. సందర్శకులను వెంటబెట్టుకుని నా చీటీని పైకి చదివి, "వణకని రేఖ! ఎంత బాగా అన్నారో చూడండి" అని మెచ్చుకుంది. మా వారు కుర్చీలో వెనక్కి వాలి, "మా నాన్నగారు సంతకం చిటికెలో వేసేవారు" అన్నారు. గది మూలన ఒక బల్ల మీద ఖాళీ అద్దాలు, కుంచెలు పెట్టారు, వచ్చినవాళ్ళు ప్రయత్నించి చూసుకోవడానికి. జనం తమ పేరు తిరగేసి రాయబోయి, తప్పి, నవ్వుకుంటున్నారు. నా తోడికోడలు సంచీ తగిలించుకుని దూరంగా నిలబడి వాళ్ళ చేతులనే చూస్తోంది. నేను వెళ్ళి ఆ సంచీ తీసుకున్నాను.

"కూర్చో. మామగారి సంతకం వెయ్యి."

"ఇప్పుడెందుకక్కా?"

"ఇప్పుడే కావాలి."

ఆమె నా ముఖంలోకి చూసింది. "మీరు చదువుకున్నవారు. మీరే గోడ మీద రాశాక ఇంకెవరితో చెప్పుకోను అనుకున్నానక్కా, ఇన్నేళ్ళూ."

"తప్పు చేశాను. కూర్చో."

కూర్చుంది. కుంచె తడిపి, కుడినుంచి ఎడమకు, ఎక్కడా ఆగకుండా వేసి అద్దం తిప్పింది. క్యూరేటర్ దాన్ని గోడ మీది బొమ్మ పక్కన పెట్టి చూసింది. చివరి అక్షరం తోక దగ్గర అదే మెలిక. "అమ్మా, ఇది మీకెలా...?"

"అవన్నీ నేను వేసినవేనమ్మా. సంతకాలూ, బొమ్మలూ."

"ఆ చీటీలు రాసింది నేను," అన్నాను. "వాటిలో ఉన్నది అబద్ధం."

మా వారు లేచారు. "ఏమిటే ఈ వేషాలు? వయసు మీద పడింది, దీని మాటలు పట్టించుకోకండి."

"మీ నాన్నగారు తిరగేసి సంతకం వేస్తుంటే మీరు ఒక్కసారైనా చూశారా?"

"నాన్నగారు... అది... నేను ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి కదా!" ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన గొంతు తగ్గించి, "ఇంటికి పద, మాట్లాడదాం" అన్నారు.

"మీరు పదండి. నాకు ఆలస్యమవుతుంది. అన్నం మీరే వండుకోండి."

ఆయన వెళ్ళిపోయారు. క్యూరేటర్ ఆ అద్దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "రిజిస్టరు మార్చడానికి కమిటీ కూర్చోవాలి. మీ వాంగ్మూలం సంతకం చేసి ఇవ్వండి, నేను పంపుతాను. గోడ మీది చీటీలు మాత్రం నా చేతిలో పనే. ద్వారం దగ్గర పెద్దగా ఒకటి పెడితే సరిపోతుంది కదండీ?" అంది.

"సరిపోదు. పదిహేడు చోట్ల రాశాను. పదిహేడు చోట్లా దిద్దుతాను."

వాంగ్మూలం రాసిచ్చి, అట్టముక్కలు ముందేసుకున్నాను. ఆమె అసలు పేరు రాసి, కలం ఆపాను. "ఏ ఇంటిపేరు పెట్టను?"

"పుట్టింటిది పెట్టండక్కా. మీ ఇంటిది చాలాకాలం మోశాను."

పెట్టాను. "రేఖలు, రూపం, సంతకం" ఆమెవని రాసి, ఇక చాలనుకున్నాను. ఆమె నా భుజం మీదుగా వంగి చదివి, "మామగారిని తీసేయకండి. ఆకుపచ్చ బాగా కలిపేవారు, పాపం" అంది. కింద "రంగులు నింపడంలో సహాయకుడు" అని ఆయన పేరు చేర్చాను. మా పెళ్ళిళ్ళయ్యాక మేమిద్దరం కలిసి అంత గట్టిగా నవ్వింది అదే మొదలు.

రాసినది రాసినట్టు ఆమే అంటించుకుంటూ వెళ్ళింది. నా వేళ్ళు కొంకర్లు పోయాయి. క్యూరేటర్ మిగిలినవి తాను టైపు చేయిస్తానంది, ఒప్పుకోలేదు. పదిహేడోది అందించేసరికి మూసే గంట కొట్టారు. ఆమె దాన్ని ఎడమచేత్తో నొక్కి అంటించి, ఒక అడుగు వెనక్కి వేసి, తన పేరు పైకి చదువుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇంక మీరు నాకేమీ బాకీ లేరక్కా."