గొంతులో జీర

ధనేశ్వరి వేడి ఉప్పునీళ్ళు నోట్లో పోసుకుని, తల వెనక్కి వాల్చి, కాసేపు గరగరలాడించి కుళాయి కింద ఉమ్మింది. నీళ్ళలో ఎర్రటి నూలుపోగులాంటిది మెలికలు తిరుగుతూ కాలవలోకి జారింది. వెనకాలే పక్కింటి మినోతి బిందె పట్టుకుని నిలబడి ఉంది. ధనేశ్వరి చటుక్కున చెంబుడు నీళ్ళు గుమ్మరించి దాన్ని కడిగేసింది.

"ఏం దీదీ, పొద్దున్నే గొంతు తోముతున్నావ్? రికార్డింగుందా?"

"ఊఁ."

"మా అల్లుడి ఫోన్లో నీ పాట విన్నాలే. నువ్వు పాడింది వచ్చేలోపే డప్పులు వాయించేస్తారు, పాపం!"

ధనేశ్వరి నవ్వి బిందె ఎత్తుకుంది. యాభై దాటిన పొట్టి మనిషి. వెడల్పాటి చెంపఎముకలు, తమలపాకులకు గారపట్టిన పళ్ళు, ఆ మధ్య చిక్కిపోవడంతో మోచేతి దాకా జారిపోతున్న శంఖం గాజులు. చలి వెళ్ళిపోయి చాలా రోజులైనా మెడకు ఉన్ని మఫ్లర్ చుట్టుకునే తిరుగుతోంది.

పెళ్ళయిన కొత్తల్లో కూచ్ బిహార్ పల్లె నుంచి వచ్చి, నగరం అంచున దమ్‌దమ్‌లో రైలు పట్టాల పక్క గదిలో కాపురం పెట్టింది. వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నది తల్లి దగ్గర నేర్చిన భావాయియా పాటలే. దూరం వెళ్ళిన బండివాడి కోసం, మావటివాడి కోసం ఆడవాళ్ళు పాడుకునే పాటలవి. గొంతు పైకెక్కుతూ ఎక్కుతూ ఒకచోట పుటుక్కున విరగాలి. ఆ విరుపు ఆమెకు పుట్టుకతో వచ్చినట్టు వచ్చేది. నగరంలో గిటార్లూ డ్రమ్ములూ వాయించే కుర్రాళ్ళకు తమ పాట మధ్యలో పల్లెటూరి గొంతు కావలసి వచ్చినప్పుడల్లా ఆమెను పిలిచేవారు. రెండు లైన్లు. ఎంత పెద్ద పాటయినా ఆమెకు మాత్రం రెండు లైన్లే. అలా పాడుతూనే తల నెరిసింది.

గదిలో ఆమె భర్త గజేన్ తను తోలే బ్యాటరీ ఆటో, టోటోబండికి తొడగాల్సిన సీటు కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కుట్టడంలేదు, ఊరికే చూస్తున్నాడు.

"ఇవాళ కూడా వెళ్ళాలా? సాయంత్రం ఆసుపత్రిలో చేరమన్నారు కదే."

"సాయంత్రం కదా! పొద్దుటిపూట నాదే."

డాక్టరు నెల క్రితమే చెప్పాడు. స్వరపేటిక మొత్తం తీసేయాలి, తీసేస్తే మనిషి దక్కవచ్చు. మాట? అని గజేన్ అడిగాడు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. పాట సంగతి అడగడానికి ధనేశ్వరికి నోరు రాలేదు.

స్టూడియోలో ఈ సంగతి ఎవరికీ తెలియదు. తెలిస్తే ఇంకొకరిని పిలుస్తారని ఆమె భయం. ఎందుకంటే ఈసారి వాళ్ళు అడిగింది ఆమె తల్లి పాట.

జోధ్‌పూర్ పార్కు అనే పేటలో ఒక మేడ కింది అంతస్తు ఆ స్టూడియో. చెప్పులు బయట విడిచి ధనేశ్వరి చల్లటి గదిలోకి వెళ్ళింది. పాట కట్టే సాయంతన్ మీటలున్న బల్ల వెనక అద్దానికి అవతల కూర్చున్నాడు. పక్కన సోఫాలో, పాటలో మిగతా భాగమంతా పాడే ఝిలిక్ మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. పచ్చరంగు వేసిన జుట్టు, కాలికి వెండి పట్టీ.

"రా మాసీ, రా! నీ కోసమే కాచుకున్నాం. పల్లవి ఒక్కటి ఇచ్చేయ్, దాన్ని నేను తిప్పి తిప్పి వేసుకుంటాను."

చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకోగానే డ్రమ్ముల మోత మొదలైంది. ధనేశ్వరి కళ్ళు మూసుకుంది.

*తోర్సా ఏరు ఎండిపోయింది, నీ బండి దాటిపోయింది,*
*నా గుమ్మం ముందు బురద మాత్రం ఆరలేదు.*

విరుపు దగ్గరకు వచ్చేసరికి లోపల ఏదో బ్లేడుతో గీసినట్టయింది. విరగాల్సిన గొంతు చీలింది. గాలీ, జీరా, నొప్పీ కలిసి ఒక బొంగురు కేకగా బయటికొచ్చింది. పాట పాడైందనుకుని ఆమె కళ్ళు తెరిచింది.

అద్దానికి అవతల సాయంతన్ లేచి నిలబడి ఉన్నాడు.

"మాసీ! ఈ జీర ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావ్? ఇన్నేళ్ళూ ఎక్కడ దాచావ్? ఒళ్ళు జలదరించింది. అదే, అచ్చం అదే, ఇంకోసారి!"

ఇంకోసారి పాడింది. ఆ తర్వాత మరోసారి. జీర ఇంకా కావాలన్నాడు, ఇంకా లోపలి నుంచి లాగమన్నాడు. ఆమె లాగింది. చెమటకు జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. మధ్యలో మొహం తిప్పి చేతిరుమాలుతో నోరు తుడుచుకుంటుంటే, మంచినీళ్ళిద్దామని తలుపు తీసిన ఝిలిక్ చూసింది.

"ఏంటి మాసీ అది? రక్తమా?"

"తాంబూలమమ్మా."

ఝిలిక్ ఆమె పెదాల వంక చూసింది. అవి పాలిపోయి ఉన్నాయి. గ్లాసు ఆమె చేతికిచ్చి తలుపు మూసింది.

సాయంతన్‌కు కావలసింది దొరికింది. తన కొత్త పాటలన్నిటిలో ఈ గొంతే ఉండాలంటూ ఈల వేస్తున్నాడు. ధనేశ్వరి హెడ్‌ఫోన్లు తీసి బల్ల దగ్గరకు వచ్చింది.

"బాబూ, ఒక్క మాట. పాట మొత్తం పాడతాను. రికార్డు చేసి ఉంచు."

"మొత్తం ఎందుకు మాసీ? మిగతాది ఝిలిక్‌దే కదా."

"ఇది మా అమ్మ పాట. ఆఖరి చరణంలో ఆ పిల్ల ఏడుపు మానేస్తుంది. వస్తే రా, రాకుంటే మానుకో, నా గుమ్మం నేనే అలుక్కుంటాను అంటుంది. నువ్వు పెట్టుకున్న రెండు లైన్లూ తిరిగి తిరిగి వస్తే, ఆ పిల్ల ఏడుస్తూనే ఉండిపోతుంది కదా బాబూ!"

సాయంతన్ నవ్వాడు. వెక్కిరింపు కాదు, ముద్దుగానే నవ్వాడు. "భలే చెప్పావ్. తప్పకుండా చేద్దాం. బయట వేరేవాళ్ళు కాచుకున్నారు, గది వాళ్ళకివ్వాలి. వచ్చే వారం తీరిగ్గా కూర్చుందాం, సరేనా?"

ధనేశ్వరి అతని మణికట్టు పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఏ బాబునూ ఆమె అలా ముట్టుకోలేదు.

"వచ్చే వారం నాకు గొంతుండదు బాబూ."

"ఎందుకుండదు? అల్లం టీ తాగు, మాట్లాడకుండా పడుకో. కానీ ఈ జీర మాత్రం పోగొట్టుకోకు, నీకు పుణ్యముంటుంది!" అంటూ అతను చెయ్యి విడిపించుకుని, వచ్చినవాళ్ళను పలకరించడానికి వెళ్ళిపోయాడు.

ఆమె బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. చెప్పులు వెతుక్కోవడానికి కూడా ఓపిక లేదు. కాసేపటికి ఝిలిక్ వచ్చి పక్కన కూర్చుంది.

"నాకు పాడు మాసీ. ఫోన్లో పట్టుకుంటాను."

ధనేశ్వరి ఆ పిల్ల వంక నమ్మలేనట్టు చూసి, గొంతు సవరించుకుని ఎత్తుకుంది. మొదటి రెండు చరణాలూ ఎలాగో గట్టెక్కాయి. మూడోది గుసగుసలా వెళ్ళింది. ఆఖరిదైన నాలుగోదానికి నోరు తెరిస్తే ఒట్టి గాలి వచ్చింది. వీధిలో బస్సులు ఒకటే హారన్లు. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ గాలే. చివరికి మాటలు ఒక్కొక్కటే చెప్పింది. ఝిలిక్ వాటిని తనకు తోచిన రాగంలో పాడి చూపించింది. ధనేశ్వరి తల ఊపింది, కాదని. పిల్ల ఇంకోలా పాడింది. అదీ కాదు. ఎలాగో చూపించడానికి చేతిని గాల్లోకి ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి, విసిగిపోయి మఫ్లర్ విప్పి ఝిలిక్ వేళ్ళను తన గొంతు మీద పెట్టుకుంది, అక్కణ్ణుంచి అందుకుంటుందేమోనని.

వేళ్ళకు గడ్డ తగిలింది. ఝిలిక్ చెయ్యి అక్కడే బిగుసుకుపోయింది.

"మాసీ, ఇదేంటి?"

"అదే మీ జీర" అంది ధనేశ్వరి.

సాయంత్రం ఆసుపత్రిలో గజేన్ సంచిలోంచి కాగితం చుట్టిన పలక తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. చెక్క చట్రం, చిన్నపిల్లలు దిద్దుకునే రకం.

"రేపణ్ణుంచి నన్ను తిట్టకుండా ఎలా ఉంటావో అని కొన్నా. నాలుగో తరగతి దాకా చదివావుగా. తప్పుల్లేకుండా తిట్టు."

ఆమె చప్పుడు లేకుండా నవ్వింది. కాసేపయ్యాక అతన్ని దగ్గరకు లాగి, చెవిలో తల్లి పాట చివరి చరణం మొదలుపెట్టింది. ఊపిరి తప్ప ఏమీ వినబడక అతను కంగారుపడ్డాడు.

"వద్దే. నాకు పాటలు రావుగా. ఉన్న కాస్త గొంతూ దాచుకో."

"ఎవరి కోసం దాచుకోమంటావ్?"

గజేన్ ఆమె గాజులను మోచేతి దాకా నెట్టి, మళ్ళీ కిందికి జార్చి, అలా చాలాసేపు కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున ఆమెను ఆపరేషనుకు లోపలికి తీసుకెళ్ళారు. మధ్యాహ్నం దాటాక డాక్టరు బయటికొచ్చి, గుండె తట్టుకోలేకపోయిందని నెమ్మదిగా చెప్పి, గజేన్ భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. గజేన్ బెంచీ మీద అలాగే కూర్చుండగా చేతిలో ఉన్న ఆమె ఫోను మోగింది.

"మాసీ ఉందా? నేను సాయంతన్‌ని. నిన్నటి పాట విని అందరికీ మతిపోతోంది. ఇంకో రెండు పాటలున్నాయి, మంగళవారం రమ్మనండి."

"చెప్తాను బాబూ" అన్నాడు గజేన్.

వార్డులోకి వెళ్ళేసరికి ఆమె మంచం మీద దుప్పటి అప్పుడే మార్చేశారు. కిటికీ గట్టు మీద పలక ఉంది, ఒక్క గీత కూడా పడకుండా నల్లగా. చట్రానికి పురికొసతో కట్టిన సుద్దముక్క మొన ఇంకా అరగలేదు.