ఎనిమిది గ్లాసుల బియ్యం

పెళ్ళయిన పదకొండో రోజు నేను వండిన అన్నం మా బర్రెలు తిన్నాయి. మనుషులు తినలేకపోయారు మరి. ఆ రోజు మామయ్య తరఫు పాలోళ్ళు, అంటే దాయాదులు, పది మంది మిర్యాలగూడలోని మా ఇంటికి భోజనానికి వచ్చారు. “కొత్త కోడలి చేతి అన్నం తినాలె” అని ఎవరో అనగానే నేను కొంగు దోపి, కొత్త గాజులు గలగలమంటుంటే సంబరంగా వంటింట్లోకి వెళ్ళాను. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళని కోదాడలో అమ్మ నేర్పింది. ఎనిమిది గ్లాసుల బియ్యం, పదహారు గ్లాసుల నీళ్ళు. ఎమ్మెస్సీ మ్యాథ్స్‌లో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నదానికి ఇదొక లెక్కా? మూత తీసేసరికి గిన్నెలో అన్నం లేదు, గోడలకు పోస్టర్లు అంటించే మైదా ఉంది.

“ఎమ్మెస్సీ లెక్కలంటే ఏందో అనుకున్న. గిదేం లెక్కనే స్రవంతీ?” అంది అత్తమ్మ, గరిటె నిలబెట్టి చూపిస్తూ. గరిటె పడిపోలేదు. “ఒక్కదానికి రెండైతే ఎనిమిదికి పదహారు అయితదా?”

“అవుతుంది కదత్తమ్మా.”

“కాయితం మీద అయితది. పొయ్యి మీద కాదు. బియ్యం ఎన్ని గ్లాసులైనా గంజు మూతి ఒక్కటే. ఆవిరి పోయేది గంతే. ఆ ఆవిరికి ఒక్కపారే పోయాలె, ప్రతి గ్లాసుకూ పోస్తరా? పైగా ఇవి మొన్న మిల్లు పట్టిన కొత్త బియ్యం.” అని, రెండో గిన్నెలో పన్నెండున్నర గ్లాసులు ఎసరు పెట్టి, అరగంటలో మల్లెమొగ్గల్లాంటి అన్నం దించింది.

మామయ్య చాప మీద కూర్చునే అన్నాడు. “ఆండాలూ, పదిల లెక్కలు తప్పినదానివి, ఎమ్మెస్సీకి పాఠం చెప్తున్నవా?” అందరూ నవ్వారు. మా ఆయన మహేశ్వర్ కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వనిది అత్తమ్మ ఒక్కతే. ఆమె వడ్డిస్తూ ఉంది.

అప్పుడు నాకు నా అవమానమే పెద్దగా కనిపించింది. ఆ సాయంత్రం మహేశ్వర్ బండి మీద సాగర్ రోడ్డు దాకా తీసుకెళ్ళి, ఒకే పుల్లకు రెండు ఐస్‌క్రీములు అతుక్కుని ఉన్నది కొనిచ్చి, “నీ మైదా అన్నం నాకు నచ్చిందే” అన్నాడు. అంతే, మర్చిపోయాను. అప్పట్లో నాకు అన్నీ ఆనందంగానే ఉండేవి. కొత్త దిండు గలీబు వాసన, ఆయన చొక్కా పక్కన ఆరేసిన నా చీర, రేషన్ కార్డులో చేరబోయే నా పేరు, అన్నీ.

ఆ ఎండాకాలం పోయి స్కూళ్ళు తెరిచాక నాకు ఉద్యోగం వచ్చింది. రెండు వేల పదమూడు అది. పదో తరగతి పరీక్ష మారబోతోంది, బట్టీ కొట్టేవి కాకుండా సొంతంగా ఆలోచించి రాసే ప్రశ్నలు రావాలి అని అందరూ అంటున్న రోజులు. హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థ ఆ ప్రశ్నలను ముందుగా తొమ్మిదో తరగతి పిల్లల మీద ప్రయత్నించి చూస్తోంది. ఎలా చేయాలో చెప్పడానికి అయిదుగురు నిపుణుల సలహా సంఘం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ స్కూళ్ళలో పేపర్లు పంచి, తెచ్చి, మార్కులు పట్టికలోకి ఎక్కించడానికి ఆరు నెలల కాంట్రాక్టు మీద నేను.

“నెల నెల జీతం వస్తదా?” అని మామయ్య అడిగాడు. “వంట పనికి అడ్డం రాకుంటే చేసుకోనీ” అని మహేశ్వర్ అన్నాడు, ఎంతో ఉదారంగా. ఆయన మిల్లులో గుమస్తా. ఆయన ఉద్యోగం ఏ పనికి అడ్డం వస్తుందో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఆ తేడా నాకు వెంటనే తట్టలేదు. తెల్లారి అయిదింటికి లేచి, కూర చేసి, ఆయన డబ్బా కట్టి, సూర్యాపేట బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే అదే రాజ్యమనుకునేదాన్ని. సాయంత్రం మార్కెట్లో దిగి కూరగాయలు పట్టుకొచ్చేసరికి అత్తమ్మ బర్రెల దగ్గర ఉండేది. ఇద్దరం పొయ్యి దగ్గర కలుసుకునేవాళ్ళం. “ఏమైంది నీ పరిశోధన? ఆకలైతుంది” అని ముందు గదిలోంచి వినిపించేది.

జవాబు పేపర్లు కొందరు టీచర్లు దిద్ది పంపేవాళ్ళు. నేను మార్కులు ఎక్కించాలి, అంతే. చదవమని ఎవరూ చెప్పలేదు. పదిహేడో ప్రశ్న దగ్గరకు వచ్చినప్పుడు మాత్రం నాకు నవ్వు ఆగలేదు. “ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు కావాలి. ఎనిమిది గ్లాసుల బియ్యానికి ఎన్ని గ్లాసులు కావాలి? ఎందుకో రాయండి.” నా కథే! పక్కన ఇచ్చిన సరైన జవాబు: పదహారు.

రెండు వందల పన్నెండు మంది ఆడపిల్లలు రాస్తే నూట ముప్ఫై ఒక్క మందికి సున్నా. దాదాపు అంతమందే రాసిన మగపిల్లల్లో తప్పింది ఇరవై తొమ్మిది మందే. నవ్వు ఆగిపోయింది. ఒక్కో పేపరూ తీసి చదివాను. పన్నెండు. పదమూడు. పదమూడున్నర. అందరూ అదే చుట్టుపక్కల. తప్పులైతే నలుదిక్కులా చెదిరిపోవాలి కదా, ఇలా ఒకే చోట గుంపుగా ఎందుకు కూర్చుంటాయి? మిర్యాలగూడ దగ్గరి త్రిపురారం స్కూల్లో చదివే గౌరీబాయి అనే పిల్ల ఇలా రాసింది: “కొత్త బియ్యమా పాత బియ్యమా చెప్పలేదు. కొత్తవైతే పన్నెండు చాలు. పాతవైతే పదమూడున్నర. ఎక్కువ బియ్యం పెడితే నీళ్ళు తగ్గించాలి. కట్టెల పొయ్యి అయితే ఇంకొంచెం పోయాలి.” దాని కింద ఎర్ర సిరాతో గుండ్రంగా సున్నా. ఆ పిల్ల రాసిన అయిదు వాక్యాలూ దిద్దినవాళ్ళు చదివినట్టు లేరు. అంకె కలవలేదు, అంతే.

సెప్టెంబరు సమావేశానికి ముసాయిదా నివేదిక వచ్చింది. జిరాక్సు తీయించే పని నాది కాబట్టి ముందే చదివాను. ఏడో పేజీలో ఉంది: బాలికలలో అనుపాత భావన బలహీనంగా ఉన్నందున, వారికి పదో తరగతిలో తేలికపాటి గణితాన్ని ఐచ్ఛికంగా ఇచ్చే విషయం పరిశీలించవచ్చు. తేలిక లెక్కలు తీసుకున్న పిల్లకు ఇంటర్‌లో ఎంపీసీ ఎవరిస్తారు? నాలాంటిది మళ్ళీ ఎమ్మెస్సీ దాకా ఎలా వస్తుంది? ఎనిమిది గ్లాసుల బియ్యం వండటం తెలిసినందుకు ఆ పిల్లల్ని లెక్కల్లోంచి బయటికి పంపేస్తున్నారు. ఆ రాత్రి మహేశ్వర్‌కు చెప్పాను. “నీకెందుకే పరేషాన్? వాళ్ళు నిపుణులు. నీది మార్కులు ఎక్కించే పని” అన్నాడు నా జడ చివర వేలికి చుట్టుకుంటూ. ఆ వేలంటే నాకు చాలా ఇష్టం. అయినా జడ లాక్కున్నాను.

సూర్యాపేట కాలేజీలో సమావేశం. అధ్యక్షుడు ప్రొఫెసర్ మట్టయ్య సారు, తెల్లటి మీసాలు, తక్కువ మాట. ప్రశ్న తయారుచేసింది అంజన్న సారు, రిటైరైన హెడ్మాస్టరు. అయిదుగురిలో ఒకే ఒక్క ఆడమనిషి నాగమణి మేడం, బీఈడీ కాలేజీ లెక్చరర్. నేను రాగానే అంజన్న సారు, “అమ్మా, ఆ చాయ్ జర అందరికియ్యి. బిస్కెట్లు కూడ” అన్నాడు. ఇచ్చాను. ఏడో పేజీ రాగానే అందరూ తలలు ఊపారు. చేతిలో ట్రే ఉండగానే నోరు తెరిచాను.

“సార్, ఆ జవాబు తప్పండి.”

“ఏ జవాబమ్మా?”

“పదహారు. నేను పోసి చూశాను సార్. మా బర్రెలు తిన్నాయి.”

మట్టయ్య సారు మీసాల కింద నవ్వాడు. అంజన్న సారు నవ్వలేదు. “ఇది వంట పరీక్ష కాదమ్మా, గణితం. పిల్ల గణితంగా ఆలోచించాలె” అన్నాడు.

ట్రే కింద పెట్టి సుద్దముక్క తీసుకున్నాను. గాజులన్నీ మోగాయి. “గణితమే సార్. బియ్యం పీల్చేది గ్లాసుకు ఒకటిన్నర. ఆవిరయ్యేది గిన్నె మూతిని బట్టి, అది ఎప్పుడూ అర గ్లాసే. ఒక గ్లాసుకు ఒకటిన్నర, అర కలిపితే రెండు. మీరిచ్చిందీ అదే. ఎనిమిది గ్లాసులకు పన్నెండు, ఒక అర. పన్నెండున్నర.” బోర్డు మీద సమీకరణం రాసి గీత గీశాను. గీత సున్నా దగ్గర మొదలవలేదు, కొంచెం పైన మొదలైంది. “మీరు అడిగింది ఏడో తరగతి అనుపాతం. ఈ పిల్లలు పోల్చుకున్నది పదో తరగతి సరళరేఖ. పేరు తెలియదు, అంతే. నూట ముప్ఫై ఒక్క మందిలో నూట నాలుగు మంది కారణం కూడా రాశారు. ఎవరూ చదవలేదు.” గౌరీబాయి జవాబు గట్టిగా చదివాను.

అప్పుడు నాగమణి మేడం చాయ్ కప్పు పక్కన పెట్టింది. “నేను ఇరవై రెండేండ్ల నుంచి వండుతున్న. పండగకు పది గ్లాసులు పెడితే ఇరవై పొయ్యను. కానీ ఈ ప్రశ్న చూడగానే పదహారనే అనుకున్న. కాయితం ముందు కూర్చుంటే నా చేతులకు తెలిసింది నేనే మర్చిపోయిన సార్. ఈ పిల్లలు మర్చిపోలే.”

అంజన్న సారు బోర్డు మీది లెక్కను తన కాగితం మీద వేసి చూసుకున్నాడు. తర్వాత పెన్ను తీసి ఏడో పేజీలో ఆ వాక్యాన్ని తానే కొట్టేశాడు. అందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం. పేపర్లన్నీ మళ్ళీ దిద్దాలని, ఇంటి పనీ చేను పనీ ఉన్న ప్రశ్నలన్నీ ఆ పని చేసేవాళ్ళకు ముందు చూపించాలని తీర్మానించారు. మట్టయ్య సారు నన్ను కూర్చోమని కుర్చీ చూపించి, “ఈ ఆవిరి సంగతి నీకు ఎవరు చెప్పిండ్రమ్మా?” అని అడిగాడు.

నా సమాధానం నాకే ఆశ్చర్యం. “మా అత్తమ్మ సార్. పేరు ఆండాలు. పదిలో లెక్కలు తప్పింది.”

ఆయన ఆ పేరు రాసుకున్నాడు.

నవంబరు చివర ఉత్తరం వచ్చింది. మహేశ్వర్ వాకిట్లో నిలబడి గట్టిగా చదివాడు: నిపుణుల సలహా సంఘం తదుపరి సమావేశానికి శ్రీమతి ఆండాలు గారిని ప్రత్యేక ఆహ్వానితురాలిగా పిలుస్తున్నాం, ఆదివారం, సూర్యాపేట.

“పరాచికాలా?” అంది అత్తమ్మ. చేతులు పేడతో ఉన్నాయి. “లెక్కల్ల తప్పినదాన్ని పెద్ద సార్ల నడుమ కూసోబెడతరా?”

“తప్పింది మీరు కాదత్తమ్మా” అన్నాను. “మిమ్మల్ని అడిగిన ప్రశ్నలు.”

ఆమె చాలాసేపు చేతులు కడుక్కుంది.

ఆదివారం పొద్దున్నే తన పెళ్ళిరోజుల నాటి నెమలికంఠం రంగు చీర కట్టింది. నేను కుచ్చిళ్ళు సర్దాను. “అగో, ఇయ్యాల పాలోళ్ళు తిననీకి వస్తరు గదా! ఎనిమిది గ్లాసులు పెట్టాలె. మరి అన్నమెవలు వండుతరు?” అన్నాడు మామయ్య కంగారుగా. అత్తమ్మ ఆగింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు, పాదం వెనక్కి తిరగబోయింది. నేను గ్లాసు తెచ్చి మహేశ్వర్ చేతిలో పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని వాకిలి దాటించాను.

బస్సు ఊరు దాటకముందే ఫోను మోగింది. “స్రవంతీ, ఎనిమిది గ్లాసులకు ఎన్ని నీళ్ళే? పదహారేనా?”

కిటికీ పక్కన కూర్చున్న అత్తమ్మకు ఫోను ఇచ్చాను.

“కొత్త బియ్యమా, పాత బియ్యమా? ముందు గది సూసినవా బిడ్డా?” అని అడిగి, జవాబు వినకుండానే పెట్టేసింది.